ఆర్డిస్ టీచరుగారి ఉప్పు పట్టింపు

ఆర్డిస్ హోవ్‌లాండ్ టీచరుకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. తడిగా ఉన్నది ఏది కనిపించినా సరే, అందులో ఓ కాగితప్పట్టీ ముంచి చూడందే ఆవిడకి నిద్ర పట్టదు. వాగునీళ్ళలో ముంచితే ఎవరూ కాదనరు, ఆవిడ పెట్టుకున్న పనే అది. కాని ఆవిడ కాఫీలో ముంచుతుంది. పక్కింటి కుక్క నీళ్ళు తాగే పళ్ళెంలో ముంచుతుంది. లిండ్‌బో ఊళ్ళో ఆవిడ పట్టీ మునగని గిన్నె ఏదైనా ఉందంటే, అది బోర్లించి ఉండాలి.

ఆ పట్టీల్ని వాగుల బాగోగులు చూసే సంఘం ఒకటి ప్రతి చలికాలానికీ ముందే డబ్బాలో పెట్టి ఆవిడకి పంపిస్తుంది. పట్టీని నీళ్ళలో కాసేపు నిలబెడితే దాని మధ్యలో ఓ తెల్లగీత మెల్లగా పైకి పాకుతుంది. ఎంత పైకి పాకితే నీళ్ళలో అంత ఉప్పు ఉన్నట్టు. మినెసోటాలో మంచు పడ్డ రోడ్ల మీద ఉప్పు చల్లకపోతే బండి కదలదు, మనిషి నడవడు. ఆ ఉప్పు కరిగి ఎటు పోతుంది? వాగులోకే పోతుంది. పోయింది ఇక వెనక్కి రాదు. "ఒక్క చెంచాడు చాలురా నాయనా, బకెట్టెడు నీళ్ళు పాడవడానికి!" అని ఆవిడ కనపడినవాడికల్లా చెబుతుంది. పిల్లలకి పియానో నేర్పడం మానేసిన మర్నాటినుంచీ, జీతం బత్తెం లేని ఈ కొలువు నెత్తికెత్తుకుంది.

పట్టీ చూసి ఆవిడ అంకెలు చెప్పదు. తీర్పు చెబుతుంది. ఆ తీర్పులు రెండే రెండు. ఒకటి, ఇందులో ట్రౌట్ చేప బతుకుతుంది. రెండోది, ఇందులో ట్రౌట్ చేప బతకదు. ఊరి పక్కన పారే మింక్ వాగులో ఉండేది ఆ చేపే కాబట్టి, లోకంలో ఉన్న ద్రవాలన్నీ ఆ చేప బతకడానికి పనికొస్తాయా లేదా అన్న ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పుకోవాలి.

ఈ తీర్పులకి అందరికంటే ఎక్కువ బలైపోయినవాడు వెండెల్ ప్రూస్. ఊరి మంచు ట్రక్కు నడిపేది అతనే. ట్రక్కుకి ముందు మంచు తోసే రేకు, వెనక ఉప్పు చిమ్మే పళ్ళెం, మధ్యలో వెండెల్. యాభై దాటిన మనిషి, గుమ్మంలో పట్టనంత భుజాలు. అయినా ఆర్డిస్ టీచరు ఎదురైతే చేతులు వెనక్కి దాచుకుంటాడు. చిన్నప్పుడు ఆవిడ దగ్గర పియానో నేర్చుకున్నాడు మరి. తప్పు మీట నొక్కితే పెన్సిలుతో వేళ్ళ మీద ఒక్కటిచ్చేది. ఆ మాటకొస్తే ఊళ్ళో సగంమంది వేళ్ళు ఆ పెన్సిలు రుచి చూసినవే.

ఓ మధ్యాహ్నం లవోన్ హోటల్లో వెండెల్ బఠాణీ సూపు ముందు కూర్చుని చెంచా ఎత్తాడో లేదో, భుజం మీదుగా ఓ చెయ్యి వచ్చి గిన్నెలో పట్టీ నిలబెట్టింది.

"టీచర్! అది నా భోజనం!"

"తెలుసు. కదలకు. గీత చెదిరిపోతుంది."

"సూపండీ అది. ఉప్పు లేకుండా ఎలా ఉంటుంది?"

"ఉండకూడదని నేనన్నానా? ఎంత ఉందో చూస్తున్నానంతే." కాసేపయ్యాక పట్టీ పైకెత్తి కళ్ళజోడు సవరించుకుంది. తెల్లగీత చివరిదాకా పాకి, ఇంకా పాకడానికి చోటు లేక ఆగిపోయింది. "లవోన్! ఇందులో ట్రౌట్ చేప బతకదు!"

"బతక్కపోతే పోనీండి టీచర్!" వంటగదిలోంచి లవోన్ కేకేసింది. "వేయించి అమ్ముకుంటాను!"

హోటలంతా గొల్లున నవ్వింది. వెండెల్ కూడా నవ్వబోయాడు కాని, పట్టీ మునిగిన సూపు తాగొచ్చో కూడదో తెలియక చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అతని మొహం చూడలేక చివరికి లవోనే గిన్నె మార్చింది.

చర్చిలో జరిగింది ఇంకా ఘోరం. ఆర్గన్ వాయించేది ఆర్డిస్ టీచరే. అక్కడ పాస్టరు కూడా ఆడమనిషే; ఆ పాస్టరమ్మ ఓ పసివాడికి బాప్తిస్మం ఇవ్వడానికి నీళ్ళగిన్నె మీదికి వంగింది. ఆర్గన్ ఠక్కున ఆగిపోయింది. "ఒక్క నిమిషం పాస్టరమ్మా," అంటూ టీచరు నడవలోంచి నడిచొచ్చి గిన్నెలో పట్టీ పెట్టింది. గీత పాకేదాకా చర్చి మొత్తం ఊపిరి బిగబట్టింది. పసివాడు ఏడుపు మాని నిద్రపోయాడు. "బతుకుతుంది, కానివ్వండి," అని ఆవిడ మళ్ళీ వెళ్ళి ఆర్గన్ ముందు కూర్చుంది. పాస్టరమ్మ అప్పట్నుంచీ బాప్తిస్మం ఉందంటే చాలు, ముందురోజే ఓ పట్టీ అడిగి తెచ్చుకుని ఆ పనేదో తనే చేసేసుకుంటోంది.

ఊరి బోర్డు ఛైర్మన్ కర్టిస్ ల్యూడ్కేనీ వదల్లేదు. కర్టిస్ గడ్డకట్టిన చెరువు మీద రంధ్రం చేసుకుని, పొద్దుటినుంచీ గాలం పట్టుకుని చలికి బిగుసుకుపోయి కూర్చున్నాడు. ఆవిడ మంచులో నడుచుకుంటూ వచ్చి, పలకరింపైనా లేకుండా ఆ రంధ్రంలో పట్టీ ముంచింది.

"బతుకుతుంది," అంది.

"బతికితే మరి ఒక్కటీ పడదేం టీచర్?" అన్నాడు కర్టిస్ ఉక్రోషంగా.

"బతకడం తెలిసిన చేప నీ గాలానికి పడుతుందా నాయనా?"

ఇంతవరకూ అంతా నవ్వులాటే. ఆ ఏడు చలికాలంలో మాత్రం వెండెల్‌కి నవ్వు కరువైంది. ఊరి దిగువన, ట్రౌట్ చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్ళ మడుగు దగ్గర, తెల్లగీత ఎన్నడూ లేనంత పైకి పాకింది. ఆ రోజు ఆర్డిస్ టీచరు లవోన్ హోటలుకి వచ్చి ఎవరి కప్పులోనూ పట్టీ ముంచలేదు. అందుకే అందరికీ భయం వేసింది. "మడుగులో బతకదు," అని మెల్లగా చెప్పి, తెప్పించుకున్న కాఫీ తాగకుండానే వెళ్ళిపోయింది.

ఆవిడ కారు కదిలిందో లేదో కర్టిస్ గొంతు సవరించుకున్నాడు. "ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోడానికి ఏముంది? ఊళ్ళో ట్రక్కులకొద్దీ ఉప్పు చల్లేది ఒక్కడేగా. నీ మీద నాకు కోపమేం లేదు వెండెల్. కాని వాగు పాడైపోతుంటే చూస్తూ ఊరుకుంటామా? మా బావమరిది దగ్గర కొత్త ట్రక్కులున్నాయి, అవి గింజ ఎక్కువ కాకుండా చల్లుతాయి. మార్చిలో ఊరి సభ ఉంది కదా. అందరూ చేతులెత్తితే ఈ పని వాళ్ళకి అప్పగించేద్దాం."

"మీ బావమరిది ట్రక్కులు కొన్నాడని వాగుకెలా తెలిసింది కర్టిస్?" అంది లవోన్ గల్లాపెట్టె దగ్గర్నుంచి. "సరిగ్గా ఇప్పుడే పాడైంది!"

అందరూ నవ్వారు, వెండెల్ మాత్రం టోపీ తీసుకుని లేచాడు. ఊరి సభ ఏం చెబితే బోర్డు అదే చేస్తుంది. ఇంటికెళ్ళి కోటు విప్పకుండానే వంటింట్లో కుర్చీ మీద కూలబడ్డాడు.

"ఈ ఉద్యోగం పోతే నాకింకేం చేతనవును జోలీన్?"

"పియానో వచ్చుగా," అంది అతని భార్య.

"ఎగతాళి చెయ్యకు. నేనెప్పుడైనా ఎక్కువ చల్లానా? చలి మరీ ముదిరితే ఉప్పు పని చెయ్యదని ఇసక చల్లుతానే! వంతెనల దగ్గర ఉప్పు పళ్ళెం వేగం తగ్గించి తిప్పుతానే! ఇదంతా ఎవరికి తెలుసు?"

"సభలో లేచి చెప్పు మరి."

"నేనా?" అన్నాడు వెండెల్. సభలో లేచి మాట్లాడమంటే అతనికి పియానో కచేరీ చెయ్యమన్నట్టే ఉంటుంది. జోలీన్‌కీ ఆ సంగతి తెలుసు కాబట్టి భోజనం పళ్ళెం ముందుకి జరిపింది.

మర్నాటినుంచీ అసలు నరకం మొదలైంది. మంచు పడిన ప్రతి పొద్దునా వెండెల్ ట్రక్కు తీయగానే, వెనకాలే ఆర్డిస్ టీచరు పాత పచ్చకారు తయారు. అతను మెల్లగా పోతే ఆవిడా మెల్లగా. అతను ఆగితే ఆవిడా ఆగడం. ప్రతి వంతెన దగ్గరా దిగి, తాడు కట్టిన డబ్బా వాగులోకి వదిలి, నీళ్ళు తోడి జాము సీసాలో పోసుకుంటుంది. మర్నాడు మళ్ళీ అదే వంతెన, మళ్ళీ సీసా. ఊరి పోలీసు కూడా ఎవరి వెంటా ఇంతగా పడి ఉండడు.

ఓ రోజు వెండెల్ ఉండబట్టలేక ట్రక్కు దిగి వెనక్కి నడిచాడు.

"టీచర్, నా వెనకాలే ఎందుకు తిరుగుతున్నారు?"

"రోడ్డు నీ ఒక్కడిదా?"

"మీ వయసుకి ఈ మంచులో ఏమిటండీ ఇది? కారు జారితే?"

"నువ్వు ఉప్పు చల్లావుగా. ఎందుకు జారుతుంది?"

చల్లానంటే వాగు పాడు చేసినట్టు, చల్లలేదంటే ఉద్యోగం చెయ్యనట్టు. తిరిగి ట్రక్కెక్కాడు. అద్దంలో చూస్తే ఆవిడ వంతెన అంచున వంగి తాడు లాగుతోంది. చిన్నప్పుడు పియానో నేర్పిన మనిషే తన మెడకి ఉచ్చు పేనుతోందే అని అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

ఆ ఏడుపుకి ఇంకో కారణం కూడా ఉంది. వెండెల్ మరీ అంత నిర్దోషి కాడు.

అంతకు రెండేళ్ళ ముందు ఆర్డిస్ టీచరు చర్చి మెట్ల మీద కాలు జారి పడింది. ఎడమ మణికట్టు విరిగింది. ఈస్టర్ దాకా ఆర్గన్ మూగబోయింది. ఆర్గన్ లేకుండా పాడటమంటే ఏమిటో ఊరికి అప్పుడు తెలిసొచ్చింది. కర్టిస్ ముందు నిలబడి పాడించేవాడు. అతనో రాగంలో మొదలుపెడితే, జనం దొరికిన రాగాన్ని పట్టుకుని ఎవరి దారిన వాళ్ళు పోయేవారు. పాస్టరమ్మ ఆదివారం ప్రార్థనల్లో ఆ మణికట్టు ప్రస్తావన వారంవారం పొడుగైంది. కాని అసలు బాధ పాటల గురించి కాదు. చేతికి కట్టుతో టీచరు వెనక బెంచీలో కూర్చుని, మూసి ఉన్న ఆర్గన్ వంక చూస్తుంటే ఇంటికెళ్ళాక కూడా ఎవరికీ ముద్ద దిగేది కాదు.

ఆవిడ మళ్ళీ పడకూడదని వెండెల్ అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. మంచు పడిన ఆదివారం పొద్దున్నే ట్రక్కుని చర్చి ముందు జాగాలోకి తిప్పి, పళ్ళెం తెరిచి, ఓ చుట్టు చుట్టి వెళ్ళిపోయేవాడు. చర్చి జాగా ఊరి రోడ్డు కాదు. ఊరి ఉప్పు అక్కడ చల్లకూడదు. ఈ సంగతి అతను జోలీన్‌కి కూడా చెప్పలేదు. లిండ్‌బోలో ఒకరికి మేలు చేసి పైకి చెప్పుకోవడమంటే నిక్కరుతో బజార్లో తిరిగినంత సిగ్గు. చేస్తారు, నోరు మూసుకుంటారు.

ఫిబ్రవరిలో ఓ ఆదివారం అలాగే చుట్టు చుట్టి మలుపు తిరుగుతుంటే, చర్చి పక్క స్ప్రూస్ చెట్టు కింద మంచు కప్పుకున్న కారొకటి కనిపించింది. ముందద్దం మీద చెయ్యి పట్టేంత మేర తుడిచి ఉంది. ఆ సందులోంచి రెండు కళ్ళద్దాలు అతన్నే చూస్తున్నాయి. టీచరు చెయ్యెత్తి ఊపింది. వెండెల్ కూడా ఊపాడు. అడ్డంగా దొరికిపోయినవాడు ఇంకేం చేస్తాడు?

"ఏమైంది? అలా ఉన్నావు?" అంది జోలీన్ ఇంటికి రాగానే.

"ఏం లేదు," అన్నాడు వెండెల్. లిండ్‌బో మగవాళ్ళు జలుబు చేసినా, ఇల్లు కాలినా, గుండెపోటు వచ్చినా అనేది ఆ మాటే కాబట్టి, అతనికి వచ్చింది వీటిలో ఏదో జోలీన్‌కి అర్థం కాలేదు.

మార్చిలో ఊరి సభ రోజు రానే వచ్చింది. హాల్లో ఓ మూల పెద్ద కాఫీ పాత్ర, పక్కనే బల్ల నిండా ఆడవాళ్ళు వండి తెచ్చిన బంగాళాదుంపల హాట్‌డిష్‌లు. మామూలుగా సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి. ఈసారి గోడవారగా కూడా నిలబడ్డారు. వెండెల్ అందరికంటే వెనక, తలుపు పక్కన కూర్చున్నాడు. తనని తీసేశామన్న మాట వినపడ్డ మరుక్షణం బయటపడొచ్చని.

ఆర్డిస్ టీచరు అట్టపెట్టె మోసుకుంటూ వచ్చి, కర్టిస్ ముందున్న బల్ల మీద జాము సీసాలు వరసగా పేర్చింది. ఒక్కోదానికీ వంతెన పేరు రాసిన చీటీ అతికించి ఉంది. చిట్టచివరి సీసాకి మాత్రం చీటీ లేదు.

"చెప్పండి టీచర్, మీ పరీక్షలో ఏం తేలింది?" అన్నాడు కర్టిస్.

"నేను చెప్పడమెందుకు, నువ్వే ముంచు. నా కళ్ళజోడు పాతది."

"నేనా?"

"చేతులు కడుక్కుని ముంచు."

హాల్లో కిసుక్కుమన్నారు. ఛైర్మన్‌గారు వెళ్ళి బుద్ధిగా చేతులు కడుక్కొచ్చి, సీసాకో పట్టీ చొప్పున నిలబెట్టాడు. గీతలు పాకేదాకా ఊరంతా కాఫీ తాగింది. వెండెల్ ఒక్కడే తాగలేదు.

"మొదటిది?" అంది టీచరు.

"పాత మిల్లు వంతెన," కర్టిస్ పట్టీ పైకెత్తి చూశాడు. "ఇది... బతుకుతుంది."

"వెనకవాళ్ళకి వినపడాలి."

"బతుకుతుంది!"

"అది వెండెల్ ఉప్పు చల్లి వెళ్ళాక తోడిన నీళ్ళు. తర్వాతది?"

స్మశానం వంతెన, బతుకుతుంది. ఉత్తరం రోడ్డు వంతెన, బతుకుతుంది. కర్టిస్ గొంతు సీసా సీసాకీ సన్నబడుతోంది, ఆవిడ పెంచమంటోంది. వెండెల్ మొదట తను సరిగ్గా వినలేదనుకున్నాడు. తర్వాత ముందుకి వంగాడు. తన దారిలో ఉన్న వంతెనలన్నీ ఒక్కొక్కటే లేచి తన తరఫున సాక్ష్యం చెబుతున్నాయి. అన్ని పొద్దుల చలిలో ఆవిడ ఈ సీసాలు ఎందుకు నింపిందో అప్పుడు అర్థమైంది.

"ఇక చివరిది," అంది టీచరు.

ఆ పట్టీ పైకెత్తి కర్టిస్ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇందులో బతకదు టీచర్. గీత పైదాకా పాకింది. ఎక్కడివీ నీళ్ళు?"

"మన చర్చి వెనక గొట్టంలోవి. మెట్ల మీద కరిగినవీ, ముందు జాగాలో కరిగినవీ అన్నీ ఆ గొట్టంలోంచే వాగులో పడతాయి. అక్కణ్ణుంచి తిన్నగా మడుగులోకి."

వెండెల్ ప్రాణం మళ్ళీ పోయింది. ఇదిగో, ఇప్పుడు చెప్పేస్తుంది.

"అక్కడ ఎవరు ఉప్పు చల్లుతున్నారో నాకు తెలుసు. ఆదివారం పొద్దున్నే కార్లో కూర్చుని చూశాను." ఆవిడ అందరివంకా ఓసారి చూసింది. చిత్రంగా, చాలామంది తమ బూట్లవంక చూసుకుంటున్నారు. "పేర్లు చెప్పను. ఆ ఉప్పు ఎవరి కాళ్ళ కిందికో మాత్రం చెబుతాను. నా కాళ్ళ కిందికి. ఒక్కసారి పడ్డానని, మళ్ళీ పడకూడదని. వాగు పాడైందని చలికాలమంతా ఊరందరి కప్పుల్లో పట్టీలు ముంచుతూ తిరిగాను కదా? పాడుచేసింది నేనే. రాసుకో కర్టిస్. దోషి ఆర్డిస్ హోవ్‌లాండ్. ఇకనుంచి బూట్లకి ఇనప మేకులు తొడుక్కుని వస్తాను. నా కోసం ఎవరూ గింజ ఉప్పు వెయ్యొద్దు."

మాట గట్టిగానే ఉంది కాని, చివర్లో గొంతు జీరపోయింది. ఆవిడ గొంతు అలా అవడం ఊరు ఎన్నడూ వినలేదు. అప్పుడు మూడో వరసలోంచి జోలీన్ లేచింది.

"అందులో ఓ డబ్బా నాది."

"నీదా!" వెనకనుంచి వెండెల్ అరిచాడు.

"మన షెడ్డులోంచి తీశాను."

"షెడ్డులో ఉప్పు తరుగుతోందేమిటా అని నేను ఎలకల్ని తిట్టుకుంటున్నాను!"

"ఎలకలు ఉప్పు తింటాయా వెండెల్?"

"ఓ కాఫీ డబ్బాడు నాది," అని లవోన్ కూడా లేచింది. "నేను చీకటితోనే వెళ్తాను. నేను తప్ప ఎవరూ చల్లట్లేదనుకున్నాను."

"నేను వెళ్ళేసరికి మెట్ల మీద తెల్లగానే ఉండేది," అంది జోలీన్. "అది మంచనుకున్నాను!"

"మెట్లు నా పూచీ కదా," పాస్టరమ్మ మొహం ఎర్రబడింది. "అందుకని నేను శనివారం సాయంత్రమే ఓ తట్ట పోసేదాన్ని."

ఇక వరసగా లేచారు. పాలడైరీవాళ్ళు ఓ బస్తాలో సగం. తపాలా ఆఫీసు ఆవిడ రెండు జేబుల నిండా. ఒక్కొక్కరూ చెబుతుంటే హాల్లో మొదట నవ్వులు, తర్వాత కేకలు, ఆ తర్వాత కళ్ళు తుడుచుకోవడాలు. అంతమందీ ఒకరికి తెలియకుండా ఒకరు, ఒక్క ముసలావిడ పడకూడదని, అవే అయిదు మెట్ల మీద రెండు చలికాలాలుగా ఉప్పు గుమ్మరిస్తున్నారు. టీచరు కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

ఒక్క కర్టిస్ మాత్రం సీసా మూత తిప్పుతూ నిలబడ్డాడు. చెవులు కందగడ్డలయ్యాయి.

"కర్టిస్," అంది టీచరు, పియానో పాఠం చెప్పేటప్పటిలా, మెత్తగా. "వీపు నిటారుగా పెట్టు."

"రెండు బకెట్లు టీచర్," అన్నాడు కర్టిస్.

"రెండా!" అంది హాలంతా.

"ఒకటి ఆవిడ కోసం. ఇంకోటి... ఆవిడ మళ్ళీ పడితే పాటలు నేనే కదా పాడించాలి!"

"ఆ భయంతోనే మేమూ చల్లాం!" అని లవోన్ అందుకుంది. గోడలు అదిరేలా నవ్వారు.

ఆ నవ్వులోనే వెండెల్ ఊరుకుని ఉండవచ్చు. టీచరు అతని పేరు చెప్పలేదు, ఇంకెవరూ చూడలేదు. కాని అతని కాళ్ళు వాటంతట అవే లేచాయి. "నేను కూడా. ఊరి ట్రక్కుతో, ఊరి ఉప్పుతో, ప్రతి ఆదివారం ఓ చుట్టు. అది నేను చెయ్యకూడని పని. తీసేస్తే తీసేయండి. కాని వంతెనల దగ్గర మాత్రం నేనెప్పుడూ తప్పు చెయ్యలేదు." అతను పుట్టిన తర్వాత నలుగురిలో మాట్లాడిన అతి పెద్ద ఉపన్యాసం అదే. చెప్పేసి చెమట తుడుచుకున్నాడు.

అందరూ కర్టిస్ వంక చూశారు. రెండు బకెట్ల కర్టిస్ ఏమంటాడు?

"వెండెల్ ఉండాలనేవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు. అని తనే ముందు ఎత్తాడు. లేవని చెయ్యి లేదు. "మా బావమరిది అడిగితే ఏం చెప్పమంటారు?" అన్నాడు దిగులుగా.

"ఏం లేదని చెప్పు," అంది జోలీన్.

హాట్‌డిష్‌ల దగ్గర తొక్కిసలాట మొదలయ్యాక వెండెల్ మెల్లగా టీచరు పక్కన చేరాడు.

"నన్ను పట్టుకోడానికి తిరుగుతున్నారనుకున్నాను టీచర్."

"పిచ్చి సన్నాసీ. కర్టిస్ హోటల్లో ఏమన్నాడో లవోన్ ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పింది. నీ వంతెనలన్నీ చూడకపోతే నీ తరఫున మాట్లాడేదెవరు? నువ్వా? నోట్లో వేలు పెడితే కొరకలేవు."

"ముందే ఒక్క మాట చెబితే నేను ఇన్నాళ్ళు నిద్ర మానేవాణ్ణి కాదు కదండీ."

"చెబితే నీకేదో మేలు చేసినట్టుంటుంది. బావుంటుందా?" అని ఆవిడ పళ్ళెంలో హాట్‌డిష్ వడ్డించుకుంది. వెండెల్‌కి ఆవిణ్ణి ఎత్తి గిరగిరా తిప్పాలనిపించింది. అంత ధైర్యం లేక, వెళ్ళి ఆవిడకి కాఫీ తెచ్చిపెట్టాడు.

సభ అయిన తర్వాత వచ్చిన ఆదివారం మంచు కుమ్మరించింది. వెండెల్ పొద్దున్నే రోడ్లన్నీ తోసి, చర్చి దగ్గరికి వచ్చేసరికి ఉప్పు పళ్ళెం కట్టేశాడు. మెట్ల మీద ఉప్పన్నది లేదు. ఎవరో పారలతో రాయి కనిపించేదాకా గీకి పెట్టారు. అంతవరకూ బాగానే ఉంది. కాని ఆ మెట్ల మీద కాలు పెట్టే సందు లేదు. ఒక్కో మెట్టుకీ అటొకరు, ఇటొకరు నిలబడ్డారు. లవోన్ ఉంది, జోలీన్ ఉంది, పాలడైరీవాళ్ళున్నారు, పైమెట్టు మీద పాస్టరమ్మ ఉంది. కర్టిస్ చేతులు నలుపుకుంటూ, ఊరికే గాలి పీల్చుకోడానికి వచ్చానన్నాడు. వెండెల్ ట్రక్కు ఆపి, ఏమీ ఎరగనట్టు వచ్చి కిందిమెట్టు పక్కన నిలబడ్డాడు.

పచ్చకారు వచ్చింది. బూట్లకి ఇనప మేకులు తొడుక్కుని ఆర్డిస్ టీచరు కరకరలాడుతూ దిగింది. మెట్ల వంక చూసి ఆగిపోయింది.

"ఏమిటిదంతా? ఎవరైనా పోయారా?"

"ఏం లేదు టీచర్," అన్నారు అందరూ ఒక్కసారే. అంతమంది చేతులూ ముందుకొచ్చాయి.

ఆవిడ ఆ చేతుల్ని ఒక్కొక్కటే చూసింది. బూట్లకి మేకులున్నాయని, ఎవరి చెయ్యీ అవసరం లేదని అనబోయి, అనలేదు. మొట్టమొదట వెండెల్ చెయ్యి అందుకుంది. తర్వాత ఎవరికీ బాధ కలగకుండా, మెట్టుకి ఇద్దరి చొప్పున అందరి చేతులూ పట్టుకుంటూ ఎక్కడం మొదలుపెట్టింది. లోపల గంట మోగింది. పాస్టరమ్మ కంగారుపడి చేతి గడియారం చూసుకుంది.

"తొందరెందుకమ్మా," అంది ఆర్డిస్ టీచరు, కర్టిస్ చెయ్యి పట్టుకుని తీరిగ్గా ఊపిరి పీల్చుకుంటూ. "నేను లేకుండా మొదలుపెట్టేది ఎవరు?"

ఆ ఆదివారం మొదటి పాట చాలా ఆలస్యంగా మొదలైంది.